గాలి హోరు – కారణ శోధన, నివారణ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో ఎదురయ్యే చిన్న సమస్యనైనా శాస్త్రీయ దృష్టితో పరిశీలిస్తే దాని మూలాన్ని కనుగొనవచ్చునని తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. కుటుంబ ప్రయాణాలకు వాడే కారులో వేగంతోపాటు పెరిగే గాలి హోరు ఎలా పుడుతుందో, దాని జాడను ఏ క్రమంలో పట్టాలో, ఎలా నివారించాలో ఇందులో వివరించడం జరిగింది.

పాఠ్యభాగం

కోస్తా తీరంలోని సరుగుడు తోపుల పక్కగా నడిచేవారికి ఒక సన్నని హోరు ఎడతెగక వినిపిస్తుంది. సూదుల వంటి రెమ్మల నడుమ నుండి గాలి సాగిపోవడం వల్ల ఆ ధ్వని పుడుతుంది. ఈదురుగాలికి కరెంటు తీగలు మోగడం, సరిగా మూతపడని కిటికీ సందులో నుండి ఈల వినిపించడం, వెదురు గొట్టంలోకి ఊదిన ఊపిరి వేణుగానమై వెలువడటం అందరికీ అనుభవంలో ఉన్న విషయాలే. వీటన్నింటిలోనూ ఉన్నది ఒకే గాలి. దానికి అడ్డు వచ్చిన వస్తువును బట్టి, అది దూరిన సందును బట్టి ధ్వని మారుతుంది.

గాలి వచ్చి వస్తువును తాకినా, వస్తువే గాలిని చీల్చుకొంటూ పోయినా ఫలితం ఒక్కటే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, సెకనుకు 25 మీటర్ల వేగంతో వీచే పెనుగాలికి ఎదురుగా నిలిచిన కారుతో సమానం. గంటకు 89 నుండి 117 కిలోమీటర్ల వేగం గల గాలులను భారత వాతావరణ శాఖ 'తీవ్ర తుఫాను' వర్గంలో చేర్చింది. అంటే రహదారిపై సాగే ప్రతి కారూ తన చుట్టూ ఒక తీవ్ర తుఫాను గాలిని తానే కల్పించుకొంటున్నదన్నమాట. అటువంటి గాలిలో తలుపులు, అద్దాలు, రబ్బరు అంచులు ఏ మాత్రం సందు ఇచ్చినా చప్పుడు తప్పదు.

పట్టణ వీధుల్లో నెమ్మదిగా తిరిగే కారులో ఈ శబ్దం వినిపించదు. ఇంజను, టైర్లు, పక్కన పోయే వాహనాల చప్పుళ్ళలో అది అణిగిపోతుంది. 2001లో చేపట్టిన స్వర్ణ చతుర్భుజి పథకం వల్ల చెన్నై – కోల్‌కతా రహదారి నాలుగు వరుసలుగా విస్తరించింది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున అవుటర్ రింగు రోడ్డు ఏర్పడింది. ఇటువంటి రోడ్లపై కారు గంటల తరబడి ఒకే వేగంతో పోతుంది. అంతకుముందు ఎన్నడూ వినబడని ఈల, హోరు అప్పుడు బయటపడతాయి.

సమస్య ఎందుకు పట్టించుకోదగినది?

గాలి హోరును చాలామంది చిన్న అసౌకర్యంగా భావించి సరిపెట్టుకొంటారు. పాటల ధ్వనిని పెంచి దానిని కప్పివేస్తారు. ఇది సరియైన పద్ధతి కాదు. ఎడతెగని హోరు నడిపేవారిని అలసటకు గురిచేస్తుంది. ముందు సీటులోని వారి మాట వెనుక సీటులోని వారికి అందదు. వినికిడి తగ్గిన పెద్దలకు ఆ ప్రయాణం మరీ కష్టంగా ఉంటుంది. వెనుక నుండి వచ్చే అంబులెన్సు సైరను ఆలస్యంగా చెవిన పడుతుంది.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. గాలి దూరే సందులో నుండి నీరు కూడా దూరగలదు. వానాకాలంలో ఆ నీరు తివాచీ కిందికి చేరి నేల రేకును తుప్పు పట్టిస్తుంది. వైర్ల కలయికలను పాడుచేస్తుంది. ముందు అద్దం అంచు నుండి ఈల వస్తున్నదంటే, ఆ అద్దాన్ని అతికించిన జిగురు ఒకచోట వదిలిందని అనుమానించాలి. నేటి కార్లలో ముందు అద్దం వానను, గాలిని ఆపే తెర మాత్రమే కాదు. కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు అణగిపోకుండా నిలవడంలో దానికి పాత్ర ఉన్నది. అనేక కార్లలో ముందు సీటు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగు విచ్చుకొనేటప్పుడు దన్నుగా నిలిచేది కూడా ఆ అద్దమే. వాడిన కారును కొనేవారు గాలి హోరును తప్పక గమనించాలి. ఒకే తలుపు దగ్గర అసాధారణమైన హోరు వినిపిస్తే, ఆ తలుపో, దాని చట్రమో ఎప్పుడైనా దెబ్బతిని మరమ్మతు పొందినదేమో విచారించడం మంచిది. రంగు వేసి దెబ్బను దాచవచ్చును గాని, గాలి దగ్గర దాచడం కష్టం.

శబ్దం పుట్టే తీరు

కారులో గాలి శబ్దం ప్రధానంగా మూడు విధాలుగా పుడుతుంది.

మొదటిది అడ్డు వల్ల పుట్టే శబ్దం. గాలి ప్రవాహానికి ఒక కడ్డీ అడ్డు వచ్చినప్పుడు దాని వెనుక కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున సుడులు వరుసగా విడిపోతాయి. గోదావరి ప్రవాహంలో పాతిన గుంజ వెనుక నీటి సుడులు ఏర్పడటం వంటిదే ఇది. ఈ సుడుల వరుసను థియొడోర్ వాన్ కార్మాన్ 1911లో గణితపరంగా వివరించారు. అంతకుముందే, 1878లో, చెక్ శాస్త్రవేత్త స్ట్రౌహాల్ గాలిలో తీగలు చేసే ధ్వనిని కొలిచారు. ధ్వని స్థాయి గాలి వేగంతో పెరుగుతుందని, తీగ మందంతో తగ్గుతుందని ఆయన చూపారు. గుండ్రని కడ్డీ విషయంలో, గాలి వేగాన్ని కడ్డీ మందంతో భాగించి, వచ్చిన దానిలో ఐదవ వంతు తీసుకొంటే సెకనుకు ఎన్ని కంపనాలో సుమారుగా తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు మందం గల సరుగుడు రెమ్మ సెకనుకు 5 మీటర్ల గాలిలో సుమారు 1000 కంపనాల ధ్వని చేస్తుంది. 5 మిల్లీమీటర్ల మందం గల కారు ఏంటెనా గంటకు 90 కిలోమీటర్ల వేగం వద్ద చేసే ధ్వని కూడా సుమారు 1000 కంపనాలే. తోపులో వినిపించేదీ, కారు కప్పు మీద వినిపించేదీ ఒకే రాగం. కప్పు మీది క్యారియరు కడ్డీ 25 మిల్లీమీటర్ల మందం గలదైతే అదే వేగం వద్ద 200 కంపనాల బొంగురు ధ్వని చేస్తుంది.

రెండవది సందు వల్ల పుట్టే శబ్దం. ప్రవాహ వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందన్న సూత్రాన్ని డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రకటించారు. ముందు అద్దం మీదుగా వచ్చిన గాలి ఇరువైపుల ఉన్న పిల్లర్లను చుట్టి పక్క అద్దాల మీదికి మళ్ళేటప్పుడు వేగం పుంజుకొంటుంది. అక్కడ బయటి పీడనం తగ్గుతుంది. లోపలి పీడనం తలుపు పైభాగాన్ని బయటికి నెడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం వద్ద గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. 50 కిలోమీటర్ల వద్ద అది 12 కిలోలకు మించదు. కనుకనే నిలిచి ఉన్నప్పుడు చక్కగా మూసుకొన్న తలుపు, వేగంలో వెంట్రుకవాసి తెరుచుకొని బుసకొట్టడం మొదలుపెడుతుంది. ఇంటి ముందు నిలబెట్టి ఎంత పరిశీలించినా ఇటువంటి లోపం కనబడకపోవడానికి కారణం ఇదే.

మూడవది గది మోత. ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే లోపలి గాలి 'బూ'మని మోగుతుంది. ఈ విధమైన మోతను జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించారు. కారులో వెనుక అద్దం ఒక్కదానినే దించినప్పుడు చెవుల మీద ఎవరో గుద్దుతున్నట్లు దబదబలాడటం కూడా ఇటువంటిదే. అప్పుడు కారు గదే సీసా, కిటికీయే దాని మూతి. ఇది లోపం కాదు. మరొక అద్దాన్ని కొద్దిగా దించితే ఆగిపోతుంది.

ఈ శబ్దాలకు వేగంతో గల సంబంధం ఆశ్చర్యకరమైనది. గాలి ప్రవాహంలో పుట్టే ధ్వనికి బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో గణిత సిద్ధాంతాన్ని అందించారు. ఆ మార్గంలో సాగిన పరిశోధనల వల్ల, ఘనవస్తువుల ఉపరితలం వద్ద పుట్టే ధ్వనిశక్తి సుమారుగా వేగం యొక్క ఆరవ ఘాతం ప్రకారం పెరుగుతుందని తేలింది. వేగం రెట్టింపయితే ధ్వనిశక్తి 64 రెట్లవుతుంది. ఇది 18 డెసిబెళ్ళ పెరుగుదల. గంటకు 100 కిలోమీటర్ల నుండి 80కి తగ్గితే ధ్వనిశక్తి నాలుగవ వంతుకు పడిపోతుంది. హోరుకు అన్నిటికన్నా చౌకైన మందు నిదానమే.

చెవి పట్టే ఆనవాళ్ళు

తెలుగులో ధ్వనులకు ఉన్న పేర్లు ఈ శోధనలో ఎంతో తోడ్పడతాయి. వైద్యుడు రోగిని అడిగినట్లు, మెకానిక్కు మొదట అడగవలసిన ప్రశ్న 'ఎటువంటి చప్పుడు?' అన్నదే.

సన్నని ఈల వినిపిస్తే చిన్న రంధ్రమో, పదునైన అంచో, ఏంటెనా వంటి సన్నని కడ్డీయో కారణమై ఉండవచ్చు. పాము బుసవంటి ధ్వని తలుపు రబ్బరు వద్ద గాలి కారుతున్నదని సూచిస్తుంది. రెపరెప, టపటప అనే చప్పుళ్ళు ఊడిన బీడింగు గాని, వేలాడుతున్న ప్లాస్టిక్కు రేకు గాని గాలికి కొట్టుకొంటున్నట్లు తెలుపుతాయి. గుమ్మనే బొంగురు మోత కప్పు మీది క్యారియరును సూచిస్తుంది. కారు మొత్తం ఆవరించి, ఎక్కడి నుండి వస్తున్నదీ తెలియని హోరు కారు ఆకారం వల్లనే పుట్టేది కావచ్చు. దానిని తగ్గించడం కష్టం.

శోధన క్రమం

ముందుగా ఆ చప్పుడు నిజంగా గాలిదేనా అన్నది తేల్చుకోవాలి. ఒకే వేగంలో గేరు మార్చి చూసినప్పుడు ధ్వని మారితే అది ఇంజనుకు సంబంధించినది. తారు రోడ్డు నుండి సిమెంటు రోడ్డు మీదికి పోయినప్పుడు మారితే అది టైర్లది. రెండింటికీ మారక, ఎదురుగాలిలో పెరిగి, వెనుకగాలిలో తగ్గితే అది గాలి శబ్దమే. పక్కగాలి వీచే దినాన ఒకవైపు నుండి మాత్రమే వినిపిస్తే వెదకవలసిన వైపు కూడా తెలిసినట్లే.

వినే పని నడిపేవారిది కాదు. నడిపేవారు రోడ్డు మీదనే దృష్టి ఉంచాలి. మరొకరు సీటు మార్చుకొంటూ, ఒక్కొక్క చెవిని మూసుకొంటూ ధ్వని దిశను గుర్తించాలి. ఏ వేగం వద్ద మొదలయిందో, ఏ వేగం వద్ద స్వరం మారిందో కాగితం మీద వ్రాసుకోవాలి. చెవి తరచు మోసపోతుందని మరువరాదు. ముందు పిల్లరు వద్ద పుట్టిన ధ్వని పక్క అద్దానికి తాకి, వెనుక తలుపు నుండి వచ్చినట్లు భ్రమింపజేయగలదు.

తరువాత కారును నిలిపి చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. తలుపు అంచులు పక్క రేకులతో సమానంగా ఉన్నవో లేదో అరచేతితో తడిమి చూడాలి. తలుపు సందులో పది రూపాయల నోటు ఉంచి మూసి, మెల్లగా లాగాలి. గట్టిగా పట్టి ఉంటే రబ్బరు బాగున్నట్లు. సులువుగా జారి వస్తే ఆ చోట రబ్బరు అణగిపోయినట్లు. ఈ విధంగా తలుపు చుట్టూ జానెడు దూరానికి ఒకసారి పరీక్షించాలి. రబ్బరు మీద సుద్దముక్క రుద్ది తలుపు మూసి తెరిస్తే, అది తాకిన మేరకు చట్రం మీద తెల్లని గీత పడుతుంది. గీత తెగిన చోట సందు ఉన్నదని గ్రహించాలి. చీకటివేళ లోపల ఒకరు టార్చి పట్టుకొని అంచుల వెంట త్రిప్పుతుంటే, బయట నిలబడిన వారికి వెలుగు కనబడిన చోట గాలి దారి దొరుకుతుంది.

ఇంకా సూక్ష్మమైన పరీక్షకు అగరుబత్తి చాలు. ఇంజను నడుస్తున్నప్పుడు కారును ఆరుబయటనే ఉంచాలి. అద్దాలు మూసి, బయటి గాలిని లోపలికి తెచ్చే అమరికలో ఫ్యానును పూర్తి వేగంతో నడపాలి. లోపల పీడనం కొద్దిగా పెరుగుతుంది. అగరుబత్తిని బయట తలుపు సందుల వెంట నెమ్మదిగా జరిపితే, గాలి కారే చోట పొగ చెదరిపోతుంది. పంక్చరు వేసేవాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెదకడంలో ఉన్న సూత్రమే ఇక్కడా ఉన్నది. కారులోని గాలి బయటకు పోవడానికి వెనుక భాగంలో తయారీదారులే ఏర్పాటు చేసిన కవాటాలుంటాయి. అక్కడ పొగ చెదరడం సహజం. దానిని లోపంగా భావించరాదు.

ఇన్ని పరీక్షలకూ చిక్కని ధ్వనిని మాస్కింగ్ టేపుతో పట్టవచ్చు. రంగు వేసేవారు వాడే ఈ కాగితపు టేపు తేలికగా అంటుకొంటుంది, తేలికగా చినుగుతుంది. అనుమానం కలిగించే తలుపు సందులు, అద్దాల అంచులు, పక్క దర్పణాల మొదళ్ళు, బానెట్టు వెనుక అంచు మొదలైన వాటినన్నింటినీ దానితో మూసివేయాలి. లైట్లను, వైపర్లను కప్పరాదు. అదే రోడ్డు మీద అదే వేగంతో మరల ప్రయాణించాలి. ధ్వని పోయిందంటే దాని మూలం టేపు కింద ఎక్కడో ఉన్నట్లు నిశ్చయం. పోలేదంటే మూసిన చోట్లన్నీ నిర్దోషులని తేలినట్లు.

ఆ తరువాత టేపును సగం చొప్పున తీసివేయాలి. అనుమానపు చోట్లు పదహారు ఉన్నాయనుకొందాం. ఒక్కొక్కటిగా పరీక్షిస్తే పదిహేను ప్రయాణాలు కావలసి రావచ్చు. సగం తీసివేసి చూస్తే ఎనిమిది మిగులుతాయి. రెండవసారి నాలుగు, మూడవసారి రెండు, నాలుగవసారి ఒకటి మిగులుతుంది. నాలుగు ప్రయాణాలతో దోషి దొరుకుతాడు. దోషులు ఇద్దరైతే పెద్ద హోరు పోగానే దాని చాటున ఉన్న చిన్న ఈల బయటపడుతుంది. అప్పుడు శోధనను మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక్క ప్రయాణంలో ఒక్క మార్పు మాత్రమే చేయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. రబ్బరు మార్చి, తలుపు సరిచేసి, క్యారియరు తీసివేసి ఒకేసారి బయలుదేరితే, హోరు పోయినా ఎందువల్ల పోయిందో తెలియదు. పరీక్ష ముగియగానే టేపును తీసివేయాలి. ఎండకు దాని జిగురు రంగు మీద గట్టిపడుతుంది.

నివారణ మార్గాలు

కారణం తెలిసిన తరువాత నివారణ చాలావరకు స్వల్ప వ్యయంతోనే సాధ్యమవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం లేదు.

తలుపు రబ్బరు మీద దుమ్ము పేరుకొన్నప్పుడు అది సరిగా ఆనదు. సబ్బునీటితో తుడిచి, ఆరిన తరువాత సిలికాన్ గ్రీజును పలుచగా పూస్తే మెత్తదనం నిలుస్తుంది. క్లిప్పుల నుండి ఊడిన రబ్బరును తిరిగి నొక్కి కూర్చాలి. ఎండకు గట్టిపడి పగిలిన రబ్బరును మార్చడమే మేలు.

రబ్బరు బాగున్నా తలుపు లోపలికి ఒత్తుకోకపోతే, తలుపు తాళం పట్టుకొనే కొక్కేన్ని సరిచేయాలి. మొదట దాని పాత స్థానాన్ని పెన్సిలుతో గుర్తించాలి. మరలను కొద్దిగా వదులు చేసి, కొక్కేన్ని ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించాలి. అంతకు మించి జరిపితే తలుపు సులువుగా మూతపడదు, తాళంపై భారం పడుతుంది. తలుపు చట్రమే వంగి ఉంటే ఆ పనిని అనుభవం గల టింకరింగు పనివారికి అప్పగించాలి.

పక్క దర్పణం మొదట ఉండే రబ్బరు పట్టీ, దాని వెనుక లోపలి వైపున ఉండే త్రికోణపు మూత తరచు ఈలకు మూలాలు. పట్టీని సరిగా కూర్చి, మూత వెనుక స్పాంజి ముక్క ఉంచితే సరిపోతుంది. వానకోసం తలుపుల పైన అతికించే రెయిన్ వైజర్ల అంచు లేచినా హోరు పుడుతుంది. దానిని తిరిగి అతికించాలి, లేదా తీసివేయాలి.

ఏంటెనా ఈలకు చక్కని విరుగుడు ఉన్నది. దాని చుట్టూ సన్నని తీగను మరచుట్టుగా చుడితే సుడులన్నీ ఒకేసారి విడిపోవు. స్వరం చెదిరి ఈల మాయమవుతుంది. కర్మాగారాల ఎత్తయిన ఉక్కు పొగగొట్టాలకు మరచుట్టు పట్టీలు బిగించడం కూడా సుడుల బలాన్ని ఈ విధంగా చెదరగొట్టడానికే. క్యారియరు కడ్డీలకు తాడు చుట్టడం ఇదే ఫలితాన్ని ఇస్తుంది. సామాను లేనప్పుడు క్యారియరును దించివేయడం అంతకంటె ఉత్తమం. హోరుతోపాటు ఇంధనం ఖర్చు కూడా తగ్గుతుంది.

బానెట్టు వెనుక అంచున ఉండే రబ్బరు, ముందు అద్దం అడుగున ఉండే ప్లాస్టిక్కు పలక మరమ్మతుల సమయంలో తీసి మరల పెట్టని సందర్భాలుంటాయి. వైర్లు లోపలికి వచ్చే రంధ్రాల రబ్బరు మూతలు కూడా అంతే. ఒక చిన్న మూత లేకపోయినా ఇంజను చప్పుడు, గాలి చప్పుడు, దుమ్ము మూడూ లోపలికి వస్తాయి. ఇటీవల మరమ్మతు జరిగిన కారులో హోరు కొత్తగా మొదలైతే, మొదట చూడవలసినవి ఇవే.

ముందు అద్దం అంచున గాలి దూరుతున్నట్లు తేలితే ఇంటి వైద్యం పనికిరాదు. పేస్టింగు అద్దాల పని తెలిసినవారిచేత తీయించి, పాత జిగురును సరిచేసి, తగిన యురేథేన్ జిగురుతో తిరిగి అతికించాలి. జిగురు గట్టిపడటానికి తయారీదారులు చెప్పిన సమయం ముగిసేవరకు కారును నడపరాదు.

చేయకూడని పనులు

కొందరు కనబడిన ప్రతి సందులోనూ సిలికాన్ సీలెంటు నింపుతారు. దీనివల్ల మేలుకంటె కీడు ఎక్కువ. తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రాలు వాననీరు జారిపోవడానికి ఏర్పడినవి. వాటిని మూస్తే నీరు తలుపులోనే నిలిచి రేకు తుప్పుపడుతుంది. వెనుక కవాటాలను మూస్తే లోపలి గాలికి దారి ఉండదు. తలుపులు మూయడం కష్టమవుతుంది, అద్దాలకు ఆవిరి పడుతుంది. ముందు అద్దం అంచున సిలికాన్ పూస్తే, తరువాత యురేథేన్ జిగురు అక్కడ పట్టదు. ఇంజను ఆయిలు, కిరోసిను పూస్తే రబ్బరు మెరుస్తుంది గాని కొద్దికాలంలోనే ఉబ్బి పాడవుతుంది. కారణం తెలియకుండా చేసే వైద్యం రోగానికి మరొక రోగాన్ని చేరుస్తుందన్నది ఇక్కడ కూడా సత్యమే.

ముగింపు

గాలి శబ్దాన్ని అణచడం నేటి ఇంజనీరింగులో ఒక ముఖ్యమైన శాఖగా ఎదిగింది. 1997లో పట్టాలెక్కిన జపాను 500 శ్రేణి బుల్లెట్ రైలు ముందు భాగాన్ని లకుముకి పిట్ట ముక్కును పరిశీలించి తీర్చిదిద్దారు. సొరంగాల నుండి వెలువడేటప్పుడు పుట్టే పెద్ద మోతను తగ్గించడం దాని ఉద్దేశం. విద్యుత్తు తీసుకొనే పైకమ్మిపై పుట్టే గాలి శబ్దాన్ని తగ్గించడానికి గుడ్లగూబ రెక్కలోని ఈకల అంచులు మార్గం చూపాయి. విద్యుత్ కార్లలో ఇంజను మోత లేదు. అంతకుముందు దాని చాటున దాగిన గాలి హోరు వాటిలో మరింత స్పష్టంగా వినిపిస్తుంది. అందుచేత ధ్వనిని అడ్డగించే పొరల అద్దాల వాడకం పెరిగింది.

అయితే పదేళ్ళు వాడిన కారు గల సామాన్య కుటుంబానికి పరిశోధనశాల అక్కరలేదు. ఒక సుద్దముక్క, ఒక నోటు, ఒక అగరుబత్తి, ఒక టేపు చుట్ట, వినే ఓపిక ఉంటే చాలు. చప్పుడును విని విసుగు చెందడం అందరూ చేసేదే. దానిని ప్రశ్నగా మార్చుకొని, ఊహించి, పరీక్షించి, తప్పిన ఊహను వదలి, నిలిచిన ఊహను అనుసరించడం శాస్త్రీయ దృష్టి. ఆ దృష్టి అలవడినవారు కారు తలుపు దగ్గర నేర్చిన పద్ధతినే కారే పంపు దగ్గర, ఆగిన మోటారు దగ్గర, జీవితంలోని ఇతర చిక్కుల దగ్గర కూడా ఉపయోగించుకోగలరు.

కఠిన పదాలు – అర్థాలు

హోరు = ఎడతెగని పెద్ద ధ్వని
తోపు = చెట్ల గుంపు, వనం
ఎడతెగక = ఆగకుండా
వెంట్రుకవాసి = అతి స్వల్పమైన కొలత
ఘాతం = ఒక సంఖ్యను దానితోనే ఎన్నిసార్లు గుణించాలో తెలిపేది
ఆనవాలు = గుర్తు
దన్ను = ఆధారం, ఆసరా
కవాటం = గాలిని లేదా నీటిని ఒకవైపు పోనిచ్చే మూత
దర్పణం = అద్దం
మరచుట్టు = మర మీది గాడి వలె మెలికగా పోయే చుట్టు
విరుగుడు = దోషాన్ని పోగొట్టేది
లకుముకి పిట్ట = నీటిలోకి దూకి చేపలను పట్టే పక్షి
పైకమ్మి = రైలు కప్పుపై ఉండి తీగ నుండి విద్యుత్తును గ్రహించే సాధనం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. కారులో గాలి శబ్దం పుట్టే మూడు విధాలను సోదాహరణంగా వివరించండి.
2. గాలి హోరు మూలాన్ని కనుగొనే శోధన క్రమాన్ని తెలియజేయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. సరుగుడు రెమ్మకు, కారు ఏంటెనాకు గల పోలిక ఏమిటి?
2. నిలిచి ఉన్న కారులో కనబడని లోపం వేగంలో ఎందుకు బయటపడుతుంది?
3. ముందు అద్దం అంచు నుండి ఈల వస్తే ఎందుకు జాగ్రత్త పడాలి?
4. కనబడిన ప్రతి సందును మూయడం వల్ల కలిగే నష్టాలేవి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. గాలిలో తీగలు చేసే ధ్వనిని 1878లో కొలిచిన శాస్త్రవేత్త ఎవరు?
2. వేగం రెట్టింపయితే ధ్వనిశక్తి సుమారు ఎన్ని రెట్లు పెరుగుతుంది?
3. పాము బుసవంటి ధ్వని దేనిని సూచిస్తుంది?
4. పదహారు అనుమానపు చోట్లలో ఒక దోషాన్ని సగం సగం పద్ధతిలో ఎన్ని ప్రయాణాలతో కనుగొనవచ్చు?